రెండు బాల్కనీల నడిమి గంగాళం

మొన్నటి మహమ్మారి రోజుల్లో బాల్కనీల గొప్పదనం గురించి పేపర్లలో వరసగా వ్యాసాలు వచ్చాయి. గదిలో ఊపిరాడని మనిషికి ఆ నాలుగడుగుల జాగానే లోకమైందని రాశారు. కుర్చీ వేసుకోండి, కుండీలు పెట్టుకోండి, ఎదురింటివాళ్లను పలకరించండి అన్నారు. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. అందులో అబద్ధం ఉందని కాదు. అదంతా నేను ఎప్పుడో అనుభవించాను. ఆ సుఖం మధ్యలో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లై ఉంటుంది. తిరుపతిలో ఒక మేడ మీద రెండు వాటాలు. ఒక వాటాలో నేనూ మా అమ్మా. నాయన పోయి అప్పటికి చాలా కాలమైంది. నేనొక హైస్కూల్లో సైన్సు టీచరును. పెళ్లి కాలేదు. ఆ సంగతి నాకంటే వీధిలోవాళ్లకే ఎక్కువ గుర్తుండేది. పక్క వాటాలో ఒక అక్క ఉండేది. నలభై దాటిన మనిషి, జాకెట్లు కుట్టేది. ఆమె భర్త కొండ మీద ఒక హోటల్లో వంట చేసేవాడు, వారానికొకసారి దిగివచ్చేవాడు. పిల్లలు లేరు.

మేడ ముందు పొడవునా ఒకటే బాల్కనీ. ఇల్లుగలాయన దాన్ని నడుమెత్తు గోడతో రెండుగా కోసి, చెరో ముక్క ఇచ్చాడు. మా ముక్కను బాల్కనీ అని మేమెప్పుడూ అనుకోలేదు. ఖాళీ గ్యాసు సిలిండరు, చీపుర్లు, కాలు విరిగిన కుర్చీ, వాటి మీద ఆరేసిన దుప్పట్లు. కొండ ఎదురుగానే ఉన్నా ఆ దుప్పట్లు తీసినప్పుడే కనబడేది. అక్క వైపు అలా కాదు. ఆమె మిషనే అక్కడ. "లోపల నాకు ఊపిరాడదు పాపా. గాల్లో పుట్టినదాన్ని" అనేది. పులికాట్ ఒడ్డున ఒక పల్లె ఆమె పుట్టిల్లు. వాళ్ల నాయన చిన్న పడవలో రొయ్యలకు పోయేవాడట.

ఆ పల్లె నుంచి ఎండుచేపల మూట వచ్చిన రోజున మా అమ్మ బాల్కనీ తలుపు మూసేది. మూసినట్టు పక్కింటికి వినబడేలా మూసేది. అక్క ఆదివారం చర్చికి పోతుందన్నది ఇంకో కారణం, అది పైకి చెప్పేది కాదు. మూడేళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నా, ఇద్దరి మధ్య మాటలు "నీళ్లొచ్చినాయా" అన్నంత వరకే.

నాకూ అక్కకూ మాత్రం సూదుల స్నేహం. ఆమెకు దగ్గర చూపు మందగించింది. అద్దాలు పెట్టుకోమంటే, "మిషను మీద చెయ్యే సూస్తాది, కండ్లెందుకు" అని కొట్టిపారేసేది. కానీ హుక్కులు కుట్టడానికీ అంచులు మడవడానికీ సూదిలో దారం ఎక్కించడం ఆమెకు చేతనయ్యేది కాదు. అందుకని నేను రోజూ బడికి పోయేముందు గోడ దగ్గర నిలబడి, రంగుకొక సూది చొప్పున పది సూదులకు దారాలెక్కించి, ఒక గుడ్డపేలికకు వరసగా గుచ్చి ఇచ్చేదాన్ని. "నీ కండ్లు బంగారు కండ్లు పాపా" అని తీసుకునేది. ఆ మాట తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక కీళ్లజ్వరం ఊరి మీద పడింది. డాక్టర్లు చికున్‌గున్యా అన్నారు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గేది, నొప్పులు మాత్రం నెలలు గడిచినా వదిలేవి కావు. పాతికేళ్లవాళ్లు కూడా గోడలు పట్టుకుని నడిచారు. మా బడిలో సగం బెంచీలు ఖాళీ. నేను ఎనిమిదో తరగతికి బోర్డు మీద గుడ్డు, లార్వా, ప్యూపా, దోమ అని నాలుగు బొమ్మలు గీసి, మధ్యలో బాణం గుర్తులు పెట్టి పాఠం చెప్పాను. "నీళ్లు నిలవ ఉంటే వారం పది రోజుల్లో దోమ. ఇది పగలు కుట్టే దోమ. ఇంటికి పోయి మీ అమ్మవాళ్లకు చెప్పండి" అని బల్ల మీద చేత్తో కొట్టి మరీ చెప్పాను. పిల్లలు చెప్పారో లేదో తెలీదు. టీచరు మాత్రం తన ఇంట్లో చెప్పలేదు.

మా అమ్మకు ఒక మధ్యాహ్నం వణుకు పుట్టింది. సాయంత్రానికి మోకాళ్లు ముడుచుకుపోయాయి. లోపలి గదిలో ఫ్యాను వేస్తే చలి, ఆపితే ఉక్క. మెట్లు దిగే మాటే లేదు. చివరికి సిలిండరునూ కుర్చీనీ లోపలికి లాగి, నవారు మంచం బాల్కనీలో వేశాను. అమ్మ దాని మీద పడుకుని చాలాసేపు కొండ వైపు చూసింది. "ఇంత గాలి ఉండాదా ఈడ? మూడేండ్లు సీపుర్లకు ఇచ్చినామే!" అంది.

నాలుగో రోజు ఆమె చేతుల మీదా మెడ మీదా ఎర్రగా దద్దురు లేచింది. ఈ జ్వరంలో అలా వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మకు ఆ మాట చెవికెక్కలేదు.

"సూడు, సూడు. ఇది జ్వరం కాదు మే. అమ్మవారు పోసింది. జాతరకు గంగమ్మకు పొంగలి పెట్టుకుందామంటే నీకు పరీక్ష పేపర్లు అడ్డమొచ్చె. ఆయమ్మ ఊరుకుంటాదా?"

"డాక్టరు చెప్పినాడు గదమ్మా, దద్దురు వస్తాదని."

"డాక్టరుకేం తెలుసు? ఆయన పెండ్లాం గూడా మంచంలోనే ఉండాదంట."

ఆ పూట నుంచి మా ఇంట్లో తాలింపు బంద్, మాత్రలు బంద్. అటక మీది ఇత్తడి గంగాళం దిగింది. అందులో నీళ్లు నింపి, చిటికెడు పసుపు వేసి, వేపమండలు ముంచి ఎండలో పెట్టాలి. మా బాల్కనీలో ఎండ బాగా పడేది గోడ చివర ఒక్కచోటే. స్టూలు వేసి గంగాళం అక్కడ పెట్టాను. గోడకు అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, అక్క మిషను.

అమ్మ పుట్టింటి పద్ధతి ఒకటుంది. రోగికి బేసి రోజుల్లో మూడుసార్లు తలకు పోస్తారు. ప్రతిసారీ గంగాళంలోంచి ఒక చెంబు తీసి వేణ్ణీళ్లలో కలుపుతారు. మూడు నీళ్లూ పూర్తయ్యేదాకా గంగాళం ఖాళీ చెయ్యరాదు. వాడిన ఆకు తీసి కొత్త ఆకు వెయ్యొచ్చు, తగ్గిన నీళ్లు పైనుంచి పొయ్యొచ్చు. కుమ్మరించడమంటే ఇంటికొచ్చిన అమ్మవారిని వీధిలోకి గెంటినట్టే. ఆకు రోజూ మారుతుంది కాబట్టి నీళ్లు కూడా తాజాగానే ఉన్నాయని అందరికీ అనిపిస్తుంది. వేపాకు చేదుకు అందులో పురుగు బతకదని అమ్మ నమ్మకం. నిజం చెప్పాలంటే నేనూ సగం నమ్మాను.

నేను ఎనిమిదింటికల్లా బడికి పోవాలి. ఆకు మార్చేదెవరు? అమ్మ చెయ్యి భుజం దాకా లేవదు. మొదటి రోజు ఆమె అవస్థ చూసి అక్క మిషను ఆపి లేచింది.

"పెద్దమ్మా, మీకేం పట్టింపు లేదంటే నేను మారుస్తా."

అమ్మ ఆమె చేతుల వైపు చూసింది. తర్వాత, "చేతులు కడుక్కోని మార్చు. సేపలు తిన్న రోజున మాత్రం వద్దు" అంది.

అక్క పకపకా నవ్వింది. "ఈ వారమంతా సేపలే లేవు పెద్దమ్మా. తెచ్చే బస్సు డ్రైవరుకూ జ్వరమే."

అట్లా మొదలైంది. ఆ నాలుగడుగుల జాగా మాకు వంటిల్లూ పడకగదీ ముచ్చట్ల అరుగూ అయింది. కిరసనాయిలు స్టవ్వు అక్కడికే తెచ్చాను, జావ అక్కడే కాచాను, పేపర్లు అక్కడే దిద్దాను. వీధిలో సగం ఇళ్లవాళ్లు మెట్లు దిగలేక బాల్కనీల్లోకే వచ్చి పడ్డారు. కూరగాయలామె కింద కేక వేస్తే పైనుంచి తాళ్లకు కట్టిన బుట్టలు దిగేవి. ఎదురింటి మేడ మీది పెద్దాయన రోజూ పొద్దున్నే, "ఈ పొద్దు చెంబు పట్టుకున్నానబ్బా!" అని వీధంతటికీ వినబడేలా చెప్పేవాడు. మర్నాడు చెంబు జారితే అదీ చెప్పేవాడు. అప్పటిదాకా పేర్లు కూడా తెలియని మనుషులం, ఎవరి మోకాలు ఎంత వంగుతోందో ఒకరికొకరం అడిగి తెలుసుకున్నాం.

ఒకరోజు బడి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి నవ్వు వినబడింది. మా అమ్మది. నాయన పోయాక ఆమె అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. పైకి పోయి చూస్తే, అమ్మ మంచం గోడకు ఆనించి వీపు తిప్పి కూర్చుంది. అక్క గోడ మీదుగా వంగి ఆమెకు జడ వేస్తోంది. తన చిన్నప్పుడు సరస్సులో పడవ బోల్తా పడితే వాళ్ల నాయన పిల్లలకంటే ముందు రొయ్యల బుట్ట పట్టుకున్నాడని చెబుతోంది. "మా నాయనైతే ఎద్దుల్ని పట్టుకోనుండును" అంటోంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. నేను చెప్పులు విప్పకుండానే కాసేపు అక్కడే నిలబడి చూశాను. కడుపు చల్లబడినట్టైంది. ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

గంగాళం పెట్టి తొమ్మిదో రోజు. రెండు నీళ్లు అయిపోయాయి, మూడోది మిగిలింది. పొద్దున సూదులకు దారాలెక్కిస్తూ యథాలాపంగా గంగాళంలోకి చూశాను. వేపరెమ్మల సందున, నీటి పైపొర నుంచి సన్నని పురుగులు తల్లకిందులుగా వేలాడుతున్నాయి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. బోర్డు మీద నేను గీసిన రెండో బొమ్మ అది.

ఆ నీళ్లను బాల్కనీ మూలనున్న మోరీలో పొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? మంచం మీద అమ్మ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. కుమ్మరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏడుపు, శాపనార్థాలు, మళ్లీ మొదటి నుంచి మూడు నీళ్లు. అంతకంటే నన్ను ఆపింది ఇంకొకటి. ఆ గంగాళం వల్లే గదా ఇద్దరూ కలిశారు. అక్క చెయ్యి పెట్టిన నీళ్లతో అమ్మ తలకు పోసుకుంటోంది. దాన్ని పురుగుల నీళ్లని ఎట్లా అనడం? ఇంకో రెండు రోజులే గదా అనుకున్నాను. వంటింట్లోకి పోయి టీ వడపోసే జల్లెడ తెచ్చి, కనబడిన పురుగులను దేవి మోరీలో దులిపాను. అంతలో అక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. జల్లెడ కొంగు చాటున దాచుకుని, సూదుల గుడ్డ ఆమె చేతికిచ్చి బడికి పోయాను. ఆ రోజు కూడా పాఠం చెప్పాను.

రెండు రోజులు రెండు రోజులతో పోలేదు. మర్నాడు చంద్రగిరి దగ్గరి మా చిన్నాన్న ఇంటి నుంచి కబురొచ్చింది, కోడలు ప్రసవించిందని. పురుడు. పదకొండు రోజులు మైల. "మైలలో మూడో నీళ్లు పోసుకుంటే ఆయమ్మకు అంటుతాది. పురుడు తీరనీ" అంది అమ్మ. గంగాళం అక్కడే ఉండిపోయింది. నేను నాలుగు రోజులు జల్లెడ పట్టాను. ఐదో రోజు నుంచి యూనిట్ పరీక్షలు. పేపర్ల కట్టలు చంకన పెట్టుకుని ఏడింటికే పరుగెత్తేదాన్ని. గంగాళం పక్క నుంచే పోయేదాన్ని, అటు చూడకుండా. సూదులు మాత్రం ముందురోజు సాయంత్రమే ఎక్కించి పెట్టేదాన్ని. ఎంత శ్రద్ధ చూడండి!

పరీక్షలు అయ్యేలోపే ఒక సాయంత్రం నేనొచ్చేసరికి మిషను చప్పుడు లేదు. నేనిచ్చిన పది సూదులూ గుడ్డకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. అక్క నేల మీద చాప వేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"తెరుసుకోవడం లేదు పాపా" అంది. "శ్రావణంలో పెండ్లి జాకెట్లు ఇరవై ఉండాయి. ఎట్ల?"

అమ్మ అప్పటికి లేచి నాలుగడుగులు వేస్తోంది. తన మంచం గోడ దాటించి అక్కకు ఇప్పించింది. గోడకు ఇటువైపు కూర్చుని, తన వంకర వేళ్లతోనే గరిటె పట్టి ఆమెకు గంజి తాపించింది. ఎండుచేపల వాసనకు తలుపేసిన మనిషి, "నీకేం తినాలని ఉండాది, చెప్పు" అని అడిగింది. మూడో రోజు అక్క చేతుల మీద దద్దురు లేచింది. అమ్మ ముఖంలో భయమూ భక్తీ రెండూ కనబడ్డాయి.

"మే, ఆ గంగాళం ఎత్తి గోడకవతల పెట్టు. ఆయమ్మ దయ ఈమె మీద గూడా పడనీ."

ఎత్తాను. నీళ్లు కదిలాయి. రెమ్మల మధ్య పురుగులు వందకు తక్కువ ఉండవు. అంచున నల్లటి గుడ్లు, ముడుచుకున్న ప్యూపాలు, ఖాళీ చర్మాలు. నాలుగు బొమ్మల్లో మూడు అందులోనే ఉన్నాయి. నాలుగోది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆ నీళ్లను ఆమె తల దగ్గర పెట్టడానికి నా చేతులు ఒప్పుకోలేదు. గోడ దాకా పోయినదాన్ని వెనక్కి తిరిగి మోరీలో కుమ్మరించాను. నీళ్లు తూములోంచి వీధిలో పడిన చప్పుడు వినబడింది.

అమ్మ కెవ్వుమంది. "ఏం పని చేసినావే పాపిష్టిదానా! ఆయమ్మను వీధిలో పారబోసినావే!"

"పురుగులమ్మా! నీళ్ల నిండా దోమ పురుగులే. వీటి వల్లే ఈ జ్వరం" అని నేనూ అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అమ్మ ఏడుస్తూ లోపలికి పోయింది. అక్క మంచం మీద నుంచి తల తిప్పి నా వైపు చూసింది.

"ఎప్పుడు సూసినావు పాపా?"

"ఇప్పుడే అక్కా" అన్నాను.

ఆమె సరేనన్నట్టు కళ్లు మూసుకుంది.

ఆ దోమ మా గంగాళంలోదే అని ఎవరు చెప్పగలరు? వీధి నిండా డ్రమ్ములు, తొట్లు, మేడల మీద కొబ్బరిచిప్పలు. ఊరంతా కుట్టిన దోమ ఆమెనూ కుట్టింది. ఈ వాదన నాలో నేను ఎన్నిసార్లు చేసుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ నేనే గెలుస్తాను. గెలిచాక కూడా మనసు కుదుటపడదు. మా అమ్మకు ఈ గొడవ లేదు. అక్క చేతులు బాగుపడకపోవడానికి కారణం నేనేనని, నీళ్లు కుమ్మరించి అమ్మవారికి కోపం తెప్పించానని తాను చనిపోయేదాకా నమ్మింది. అమ్మ చెప్పిన కారణం తప్పు. ఆమె వేలు ఎవరి వైపు చూపించిందో అది మాత్రం తప్పు కాదు.

అక్క జ్వరం తగ్గింది, వేళ్లు మాత్రం పూర్తిగా తెరుచుకోలేదు. శ్రావణం జాకెట్లన్నీ ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. నేను అలవాటు మానలేక సూదులకు దారాలెక్కించి ఇస్తూనే ఉన్నాను. ఆమె వద్దనేది కాదు, తీసుకుని మిషను మీద పెట్టుకునేది. సూదిని వేళ్ల మధ్య నిలుపుకోలేక జారవిడవడం నేను తలుపు సందులోంచి రెండుసార్లు చూశాను. దసరా దాటాక ఆమె భర్త వచ్చి, కొన్నాళ్లు పుట్టింటి దగ్గరుంటే మేలని సామాన్లు సర్దాడు. మిషను ఎవరికో ఇచ్చేశారు.

పోయేరోజు ఆటో కింద నిలబడి ఉంది. భర్త పెట్టెలు దింపుతున్నాడు. అమ్మ అక్క జడకు పూలు పెట్టి, కళ్లనీళ్లు చూపించడం ఇష్టంలేక లోపలికి పోయింది. అక్క బాల్కనీలో గోడ దగ్గరికొచ్చి, గంగాళం ఉండిన చోట చెయ్యి పెట్టి కొండ వైపు చూస్తూ నిలబడింది. చెప్పేద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అంతలో ఆమే మాట్లాడింది.

"నువ్వు పొద్దున్నే జల్లెడతో గంగాళంలో రాలిన ఆకులు తీసేదానివి గదా, నేను సూసినాను. పరీక్షలొచ్చి నీకు తీరికలేకపాయె. పెద్దమ్మ నీళ్లల్లో చెత్త ఉండకూడదని ఆ పని నేను పట్టుకుంటి. నాకు కండ్లు కనిపించవు గదా, రోజూ మోచేతుల దాకా పెట్టి తడిమి తడిమి తీసేదాన్ని." నవ్వింది. "బాగానే తీసినానా పాపా?"

సంచి ఎత్తి ఆమె భుజానికి తగిలించాను. పట్టీ జారకుండా పట్టుకోబోయింది, వేళ్లు దాని చుట్టూ మూసుకోలేదు.

"బాగా తీసినావక్కా" అన్నాను.